ముల్లు చెరిపించిన రాజు

మణిశైల రాజ్యాన్ని ఏలిన ఇందువర్మకు అందమంటే పిచ్చి. పిల్లలూ, ఆ రాజును తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాజవైద్యుడు చరణాచార్యుడు వైద్యశాల గోడల మీద మందుమొక్కల పటాలు బొగ్గుతో గీశాడు. వాటిని చూసుకుని జనం అడవిలో మందులు ఏరుకునేవారు. రాజుకు మాత్రం అవి మసిగీతల్లా కనిపించాయి. చిత్రకారుల చేత రంగులద్దించి, మధ్యమధ్య నెమళ్ళు వేయించి, తన కంటికి నచ్చనివన్నీ చెరిపించాడు. వద్దని మొత్తుకున్న వైద్యుణ్ణి అడవులకు తరిమేశాడు.

కొన్నాళ్ళకు మహారాణి జబ్బుపడింది. పరిచారికలు గోడమీది బొమ్మ చూసి, ప్రాణతీగే అనుకుని ఒక తీగ తెచ్చి కషాయం కాచారు. అది తాగగానే మహారాణి పాదాలు రాయిగా మారాయి. ఆ రాయి రోజురోజుకూ పైకి పాకసాగింది.

"బొమ్మ అందం కోసం అమ్మ ప్రాణం మీదకు తెచ్చారు" అని రాకుమారి పింగళ తండ్రి ముఖం మీదే అని, గుర్రమెక్కి అడవికి పోయింది.

చరణాచార్యుడు ఒక గుహలో కనిపించాడు. "గోడ మీద నెమళ్ళున్నాయిగా, వెళ్ళి వాటినే అడుగు" అన్నాడు.

"నాకూ మీకున్నంత కోపం ఉంది తాతా. కానీ అక్కడ రాయవుతున్నది మా అమ్మ" అంది పింగళ.

ముసలాయన మెత్తబడి బండ మీద తీగ గీశాడు. "మందుతీగా విషతీగా ఒకేలా ఉంటాయి తల్లీ. ఆకు కింద ముల్లున్నదే మందు, రాయిని కరిగించేదీ అదే. మీ నాన్న చెరిపించింది ఆ ముల్లునే."

పింగళ పళ్ళు నూరుతూ తీగలుండే లోయకు వెళ్ళింది. అక్కడ కొత్తగా కాపలాకు చేరిన కరాళుడనే రాక్షసుడు మంత్రం వేసి ముళ్ళన్నీ కనబడకుండా చేశాడు. "ఒక్క తీగే కోసుకో పిల్లా. తప్పు తీగ కోశావా, నువ్వూ రాయివే" అని నవ్వాడు.

పింగళ ఆకుల కింద అరచేతితో తడుముతూ పోయింది. ఒకచోట చెయ్యి చీరుకుపోయి నెత్తురు కారింది.

"కనబడనంత మాత్రాన ముల్లు ఎక్కడికి పోతుంది?" అని ఆ తీగనే కోసింది. రాక్షసుడు దారి విడిచాడు.

ఆమె వైద్యుణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసరికి రాయి మహారాణి గొంతుదాకా వచ్చింది. కషాయం పోయగానే ఒళ్ళంతా మామూలైంది. రాజు ఏడుస్తూ సింహాసనం నీదేనన్నాడు.

"ముందు ఆ గోడ ఇవ్వండి" అంది పింగళ.

గోడకు సున్నం కొట్టించి, వైద్యుడు మళ్ళీ గీతలు గీశాడు. గీత దాటకుండా పింగళ రంగులు నింపింది. ముల్లుకు కుంకుమరంగు వేసింది. జనం దారిలో ఆగి మరీ చూశారు.

"అంతా బాగుంది గానీ, ఆ ముల్లు కాస్త చిన్నదైతే..." అని నసిగాడు రాజు.

మహారాణి నడుచుకుంటూ వచ్చి భర్త ఎదుట నిలబడింది. "నా కాళ్ళు చూస్తూ ఆ మాట మళ్ళీ అనండి" అంది.

 రాజు కిరీటం తీసి పింగళ తల మీద పెట్టాడు.