తొమ్మిది నుంచి రెండుకి

పొద్దుటి పాలు పితకడం ముగించి అలిస్టర్ స్నానానికి వెళ్ళాడు. అతని చొక్కాలు వాషింగ్ మెషీన్‌లో వేసే ముందు నోలీన్ జేబులు తడిమింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ జేబుల్లో మేకులు, ఆవుల చెవిబిళ్ళలు, ఒకసారి బతికున్న కప్ప కూడా దొరికాయి. ఇవాళ మడతపెట్టిన కాగితం దొరికింది. అందులో మొగుడి వంకర రాత: "ఫెర్గస్ 9. తర్వాత 6. తర్వాత 2."

ఫెర్గస్ వాళ్ళ కొడుకు. ఆరేళ్ళ కిందట పొలం వెనక వాలులో నాలుగు చక్రాల బైకు తిరగబడి దాని కింద పడి పోయాడు. పంతొమ్మిదేళ్ళు. మొదట చూసింది తండ్రే. అసలే ఈ సౌత్‌లాండ్ ప్రాంతపు మగవాళ్ళు మాటని తూకం వేసి గానీ వదలరు. ఆ రోజు నుంచి అలిస్టర్ కొడుకు పేరే ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే టోపీ తీసుకుని షెడ్డుకి పోయేవాడు. రెండు నెలల కిందట కూతురు బ్రాన్విన్ పోరుపెట్టి గోర్ పట్నంలో ఒక థెరపిస్టు దగ్గరకి తీసుకెళ్ళింది. ఆవిడ వేళ్ళు కుడీ ఎడమా కదుపుతుంటే, ఆ రోజుని తలుచుకుంటూ ఇతను కళ్ళతో వాటి వెంట పోవాలట. నోలీన్‌కి ఆ వైద్యం మొదటి నుంచీ మింగుడు పడలేదు.

అలిస్టర్ వంటింట్లోకి వచ్చేసరికి బ్రాన్విన్ టోస్టుకి వెన్న రాస్తోంది. నోలీన్ కాగితం బల్ల మీద పెట్టింది.

"ఏంటిది? పిల్లాడికి మార్కులేస్తున్నావా?"

అలిస్టర్ కాగితం అందుకోబోయాడు.

"తొమ్మిది నుంచి రెండుకి దిగాడా వాడు? ఇంకో రెండు వారాలు వేళ్ళు ఊపించుకుంటే సున్నా అయిపోతాడా?"

"అమ్మా, అది తమ్ముడికి వేసిన నంబరు కాదే..."

"నువ్వు మాట్లాడకు. తీసుకెళ్ళింది నువ్వే కదా!"

అలిస్టర్ చెయ్యి అలవాటుగా టోపీ మీదకి పోయింది. అది చూడగానే నోలీన్ అగ్గి మీద గుగ్గిలమైంది.

"వెళ్ళు! ఆవులు ఎదురుచూస్తుంటాయి. ఆ పొద్దున నేను డనీడిన్‌లో మా చెల్లి దగ్గరున్నాను. వాడు ఏం తిన్నాడు, ఏమన్నాడు అని నిన్ను ఎన్నిసార్లు అడిగాను? ఒక్క ముక్క చెప్పావా? నీ దగ్గరున్నదే నాకివ్వకుండా, ఇప్పుడు దాన్ని కూడా చెరిపేసుకుంటున్నావు!"

ఆ మాట అనేశాక ఆమెకే భయమేసింది. అలిస్టర్ తలుపు దాకా వెళ్ళాడు. గడియ తీశాడు. కొంచెంసేపు అక్కడే నిలబడి, వెనక్కొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ నంబరు వాడిది కాదు, నోలీన్. నాది. ఆ రోజుని తలుచుకుంటే పదిలో ఎంత కోస్తోందో చెప్పమంటుంది ఆవిడ."

"కొయ్యాలి! కొడుకు పోతే కొయ్యదా? నాకు రోజూ పదే."

"నాకూ దిగులు తగ్గలేదు. వాడి పేరు వింటే చాలు, తిరగబడ్డ బండి, దాని కింద బూటు. ఆరేళ్ళూ అదొక్కటే. ఇంక వాడి మొహం కూడా గుర్తొచ్చేది కాదు. నీకేం చెప్పను? ఏదీ చెరగలేదు. అదంతా జరిగిందని తెలుసు, కనిపిస్తుంది కూడా. కానీ మీద పడి నొక్కట్లేదు. మొన్న దాని ముందుది గుర్తొచ్చింది."

"ముందుదేంటి?"

"గేటు దగ్గర బండి ఆపాడు. నువ్వు చేసిపెట్టి వెళ్ళిన చీజ్ రోల్ నోట్లో కుక్కుకుని, 'అమ్మకి చెప్పకు నాన్నా, ఉల్లిపాయ మరీ ఎక్కువేసింది' అన్నాడు. అంటూనే ఇంకోటి తీశాడు."

"నేనేం ఎక్కువెయ్యలేదు!" అంది నోలీన్, కొడుకు ఎదురుగా ఉన్నట్టే. "ఎప్పుడూ వేసినంతే వేశాను!"

బ్రాన్విన్‌కి నవ్వాగలేదు. నోలీన్ కూడా నవ్వబోయి, ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. అలిస్టర్ లేచి ఆమె భుజం పట్టుకున్నాడు. ఆరేళ్ళుగా ఇద్దరూ ఒకే ఇంట్లో విడివిడిగా ఏడ్చారు, పాపం.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని అతని పక్కకి కుర్చీ లాక్కుంది.

"మొదట్నించీ చెప్పు. ఆ రోజైనా త్వరగా లేచాడా?"

"ఎక్కడ? రెండుసార్లు లేపాను. ఫెర్గస్..." అలిస్టర్ ఆగాడు. ఆ పేరు తన నోటే విని తనే ఉలిక్కిపడ్డాడు.

"ఊఁ," అంది నోలీన్, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఫెర్గస్?"

"ఫెర్గస్ దుప్పటి ముసుగు తన్ని, ఇంకో ఐదు నిమిషాలు అన్నాడు."