తీగ లేని ట్యూబులైట్లు

గోడౌన్ల వెనక సందు సంగతి ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. పగలు చూస్తే మామూలు సందే. మూసిన షట్టర్లు, విరిగిన చెక్కపెట్టెలు, ఎవరో వదిలేసి పోయిన చెయిను లేని సైకిలు. పొద్దు వాలిందంటే మాత్రం... దాని మలుపు దాటి ఎవరూ వెళ్ళరు.

సందు చివర ఒక ట్యూబులైట్ల దుకాణం ఉంది. యజమాని పోయి చాలాకాలమైంది. కరెంటువాళ్ళు వచ్చి తీగ కత్తిరించి, మీటరు కూడా పీక్కుపోయారు. ఐనా చీకటి పడగానే అక్కడ లైట్లు వెలుగుతాయట — తెల్లగా, వణుకుతూ, జబ్బుపడి లేచినట్టు. వాటి మధ్య ఒక ఆకారం కదలకుండా కూర్చుని ఉంటుందట. చూసినవాళ్ళెవరూ రెండోసారి చూడటానికి ఆగలేదు కనక, అది ఆడదో మగదో ఇంతవరకూ తేలలేదు.

అలాంటి చోటికి పళ్ళాయన వెళ్ళాడు. అదీ ఒక్కడే.

పళ్ళాయన అంటే కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. పగలంతా ప్లాస్టరు దవడల మధ్య కూర్చుంటాడు. వాటికి భయపడడు గానీ చీకటంటే చచ్చే భయం. రాత్రిపూట పెరట్లోకి వెళ్ళాల్సి వస్తే గట్టిగా దగ్గుతూ వెళ్తాడు — అక్కడెవరైనా ఉంటే మర్యాదగా తప్పుకుంటారని.

అతని భార్యకి కాన్పు కష్టమవుతుందని డాక్టరమ్మ నెలల తరబడి మంచం దిగనివ్వలేదు. ఆ నెలలన్నీ ఆమెకి లోకమంటే మంచానికి ఎదురుగా ఉన్న అక్వేరియమే. నారింజరంగు చేపలు, మీసాలున్న ఒక నల్లచేప, పచ్చగా ఊగే నీటిమొక్కలు. "ఇవే లేకపోతే నాకు పిచ్చెక్కేది," అనేది. ఆసుపత్రికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి మరీ చెప్పింది: "నన్ను డాక్టరమ్మ చూసుకుంటుంది. వాటిని నువ్వు చూసుకో."

చూసుకున్నాడు. ఆడపిల్ల పుట్టిందన్న సంబరంలో ఇల్లంతా కడిగి, అదే ఊపులో అక్వేరియం మూత కూడా తుడుద్దామని ఎత్తాడు. చెయ్యి జారింది. మూతలోపల ఉండే పొట్టి ట్యూబులు రెండూ టప్‌మని పగిలాయి.

ట్యూబులే కదా, పోతే పోయాయి అనుకున్నాడు. బజారుకి వెళ్ళాక గానీ అసలు సంగతి తెలియలేదు.

"ఇవా?" పగిలిన ముక్కని వేళ్ళ మధ్య తిప్పి చూసి ఒక దుకాణదారు నవ్వాడు. "ఇవి రావడం ఎప్పుడో మానేశాయండీ. మూతే మార్చెయ్యండి."

ముందువైపు వంపు తిరిగిన పాతకాలపు తొట్టి అది. దానికి వేరే మూత ఏదీ కూర్చోదు. పోనీ అని ఒక ఎల్‌ఈడీ పట్టీ కొని తెచ్చి అంటించాడు. ఆ వెలుగులో చేపలన్నీ మార్చురీలో పెట్టినట్టు నీలంగా కనబడ్డాయి. అవి కూడా ఒకదాన్నొకటి చూసుకుని హడలిపోయినట్టున్నాయి, రాయి వెనక్కి దూరి మళ్ళీ బయటికి రాలేదు. వేసిన మేత వేసినట్టే తేలుతోంది. మొక్కలు పసుపు తిరిగాయి.

"ఎలా ఉన్నాయి?" ఆసుపత్రిలో పిల్లకి పాలిస్తూ భార్య రోజూ అడిగేది.

"బ్రహ్మాండంగా ఉన్నాయి."

"నల్లది పైకొచ్చి తింటోందా?"

"తింటోందా ఏమిటి! చెయ్యి కూడా కొరికేలా ఉంది."

ఇలా నడుస్తుండగా డాక్టరమ్మ రేపు ఇంటికి తీసుకెళ్ళొచ్చు అంది. అందరూ సంతోషించారు. పళ్ళాయన కూడా సంతోషించాడు గానీ, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆ సాయంత్రం అక్వేరియం చేపలమ్మే అతను గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ రకం ట్యూబులు ఒక్కచోట ఉంటాయి. గోడౌన్ల వెనక సందులో... పగలెప్పుడు చూసినా తాళమే. దీపాలు పెట్టే వేళకి మాత్రం..."

"మాత్రం?"

"నేను చెప్పానని ఎక్కడా అనకండి."

పళ్ళాయన నేరుగా బావమరిది దగ్గరికి వెళ్ళాడు. లారీ ఆఫీసులో గుమాస్తా. మాటకి ముందు మీసం తిప్పే రకం.

"ఈ కాలంలో దెయ్యాలేంటి బావా! నవ్విపోతారు."

"ఐతే తోడు రా."

బావమరిది మీసం మీదనుంచి చెయ్యి తీశాడు. "వచ్చేవాణ్ణే గానీ... అక్క దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా. పచ్చి బాలింత."

ఇక తప్పలేదు. చీకటి పడుతుండగా పళ్ళాయన సందు మొదట్లో నిలబడ్డాడు. ఫోను మోగితే ఏది లేస్తుందోనని దాని నోరు నొక్కేశాడు. ఓసారి దగ్గాడు. ఎవరూ తప్పుకున్న చప్పుడు కాలేదు.

అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. సందు మీదుగా పెద్ద కరెంటు తీగలు పోతున్నాయి, వాటినుంచి జుమ్మని సన్నటి రొద. మలుపు తిరిగాడు...

వెలుగు.

దుకాణం ముందు సిమెంటు రేకుల కింద, గోడకి ఆనించి వరసగా నిలబెట్టిన ట్యూబులు. ఒక్కదానికీ తీగ లేదు. ఐనా వెలుగుతున్నాయి — పాలిపోయి, వణుకుతూ. వాటి వెనక, తెల్లజుట్టుతో... ఒక ఆకారం.

పళ్ళాయన పైప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తుదామంటే కాళ్ళు రాలేదు. అలా కొయ్యబారి నిలబడిపోయాడు.

ఆకారం లేచింది. దాని గొంతు కూడా వణుకుతోంది.

"ఎ... ఎవరది? నువ్వు... మనిషివేనా?"

పళ్ళాయన తనని తాను తడిమి చూసుకున్నాడు. "మనిషినే అనుకుంటానండీ..."

"ఐతే ఎందుకు పరిగెత్తలేదు?"

పళ్ళాయన చేతిలో ఉన్న పగిలిన ముక్క చూపించాడు. "ఇలాంటివి... రెండు కావాలి."

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని స్టూలు మీద కూలబడింది. "హమ్మయ్య! బేరమా నాయనా! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! కూర్చో, కూర్చో."

చనిపోయిన యజమాని భార్య ఆవిడ. పగలంతా ఒక పిల్లల బడిలో ఆయా పని. సాయంత్రం తాళం తీసి, ఆయన మిగిల్చిపోయిన సరుకు అమ్ముకుందామని కూర్చుంటుంది.

"మరి... ఈ లైట్లు?" పళ్ళాయన ట్యూబులకేసి చూపించాడు.

"ఓ, అవా? పైన పోయే ఆ తీగల జోరుకి వాటంతటవే వెలుగుతాయి. ఆయన ఉన్నప్పటినుంచీ అంతే. కరెంటు లేకపోయినా దుకాణం తెరిచే ఉందని దూరంనుంచి జనానికి తెలియాలి కదా? అందుకే ముందు నిలబెట్టాను." కాస్త గర్వంగా చూసుకుంది. తర్వాత ముందుకి వంగి గుసగుసగా అంది, "కానీ ఏం లాభం నాయనా. ఈ సందు మంచిది కాదు. ఇక్కడ... దెయ్యం ఉంది."

పళ్ళాయన కుర్చీ అంచుకి జరిగాడు. "మీరు చూశారా?"

"చూడలేదు, విన్నాను. రోజూ వస్తుంది. మలుపు దాకా అడుగుల చప్పుడు... అక్కడ ఆగుతుంది... ఓ వెర్రికేక... పరుగు! ఒక్కోరోజు రెండుమూడుసార్లు. మనిషైతే లోపలికి వచ్చి ధర అడగడూ?"

పళ్ళాయన నోరు తెరిచాడు. ఆవిడ ముఖం చూశాడు. భర్త పోయాక ఇన్నాళ్ళూ ఒంటరిగా ఈ చీకట్లో బిక్కుబిక్కుమంటూ, ఐనా దుకాణం మూయకుండా కూర్చున్న మనిషి. ఆ దెయ్యానికి కారణం మీ లైట్లేనమ్మా అని ఎలా చెప్పడం? నోరు మూసుకున్నాడు.

ఆవిడ అటకమీదనుంచి పొట్టి ట్యూబులున్న పెట్టె దించింది. అచ్చం అవే. అంత సంతోషం అతనికి పిల్ల పుట్టినప్పుడు కూడా కలగలేదు — ఈ మాట భార్యకి ఎప్పుడూ చెప్పలేదనుకోండి.

"నాయనా, నాదో చిన్న సాయం," ఆవిడ తాళం వేస్తూ అంది. "రోడ్డు దాకా తోడు రావూ? నాకు భయం."

జీవితంలో మొదటిసారి ఒకరు తనని ధైర్యానికి తోడు అడిగారు. పళ్ళాయన ఛాతీ విరిచాడు. ఆవిడ అతని భుజం పట్టుకుంది. దారి కనబడటానికి ఒక పొడుగు ట్యూబు చేతికిచ్చింది. నిలువుగా పట్టుకోగానే పట్టుకున్న చోటునుంచి పైదాకా తెల్లగా వెలిగింది.

మలుపు దగ్గరికి వచ్చారు. ఎదురుగా అడుగుల చప్పుడు... ఆగింది.

చీకట్లో ఎవరో ఉన్నారు.

మరుక్షణం ఓ వెర్రికేక. పరుగు.

"అదే! అదే!" ఆవిడ గోళ్ళు అతని భుజంలో దిగబడ్డాయి. "చెప్పానా!"

అది మనిషేనని పళ్ళాయనకి తెలుసు. ఎందుకు పరిగెత్తిందో కూడా తెలుసు. ఇంత తెలిసినా అతని కాళ్ళు మాత్రం ఆవిడతో కలిసి దుకాణంలోకే పరిగెత్తాయి. చాలాసేపటికి గానీ ఇద్దరూ బయటికి రాలేదు.

ఇంటికెళ్ళి ట్యూబులు బిగించి స్విచ్చి వేశాడు. మెత్తటి పసుపుపచ్చ వెలుగు నీళ్ళలో పరుచుకుంది. కాసేపటికి రాయి వెనకనుంచి రెండు మీసాలు కనబడ్డాయి. తర్వాత మూతి. నల్లచేప పైకొచ్చి మేత అందుకుంది. పళ్ళాయన నేలమీదే పడి హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి ఆసుపత్రికి వెళ్ళేసరికి భార్య సామాను సర్దుకుంటోంది. రాత్రి ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదేమని నాలుగు చివాట్లు పెట్టింది. "నీకోసం తమ్ముణ్ణి కూడా పంపాను. వాడూ మళ్ళీ కనబడలేదు." అవన్నీ తలొంచుకుని విని, పిల్ల గుడ్డలు ఉతకడానికి బాత్‌రూములోకి వెళ్ళాడు.

అంతలో బావమరిది వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మీసం కిందికి వేలాడుతోంది. మంచం అంచున కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా... గుండె రాయి చేసుకోవాలి. రాత్రి నువ్వు పంపితే... ఆ సందుకి వెళ్ళాను."

"ఏమైందిరా?"

"బావ... బావని అది తీసుకెళ్ళిపోయిందక్కా. నా కళ్ళతో చూశాను. చేతిలో తెల్లటి వెలుగు... ముఖం మనిషి ముఖంలా లేదు... భుజం మీద తెల్లజుట్టు దెయ్యం చెయ్యి..." వెక్కివెక్కి ఏడ్చాడు. "వెళ్ళేముందు నన్ను తోడు రమ్మన్నాడక్కా! నేనే... నేనే రానన్నాను!"

బాత్‌రూము తలుపు కిర్రుమంది. తడి గుడ్డ భుజాన వేసుకుని పళ్ళాయన బయటికొచ్చాడు.

"ఏరా, ఎప్పుడొచ్చావు?"

బావమరిది కళ్ళు తేలేసి, అలాగే వెనక్కి మంచం మీద పడిపోయాడు.

నర్సు పరిగెత్తుకొచ్చింది. మంచం మీద మీసాల మనిషిని చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎవరండీ ఈయన? లేపండి ముందు! ఇది బాలింతల మంచం!"