ఉయ్యాల స్తంభాలు

"ఎవరండీ మీరు? ఎవరినడిగి కోస్తున్నారు?"

లిఖిత కేకకు వీరేందర్ కటింగ్ మిషన్ ఆపాడు. అత్వెల్లి దాటాక ఉన్న చిన్న ప్రైవేటు బడి అది. మైదానంలో విరిగిపడిన ఉయ్యాల స్తంభం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చినుకులు మొదలయ్యాయి.

"ఎవర్ని అడగాలె మేడమ్? గీ పైపు మీద పడే మా అక్క బిడ్డ కాలు పోయింది. ఇంకోటి పడేదాక ఆగాల్నా?"

లిఖిత గొడుగు దించేసింది. ఆ పిల్ల దీప, ఆమె క్లాసు పిల్లే, రెండో తరగతి. పది రోజుల క్రితం కాలు మోకాలి కింద తీసేశారు.

"కోయండి. ఆ రెండోదీ ఊగుతోంది."

"మీకెట్ల తెలుసు?"

"ముందే తెలుసు. హెడ్మాస్టరు గారికి రెండుసార్లు చెప్పాను. చూద్దామన్నారు. అయినా ఆ రోజు పిల్లల్ని ఆటకి వదిలింది నేనే."

వీరేందర్ తిడదామనుకున్నాడు. కానీ పది రోజుల్లో తప్పు ఒప్పుకున్న మనిషి ఈమె ఒక్కతే.

అతనికి సూరారంలో వెల్డింగ్ షాపు. ఇక కొత్త ఉయ్యాల నిలబెట్టడానికి ప్రతి ఆదివారం వచ్చాడు. ఆమె కూడా గుండ్లపోచంపల్లి నుంచి వచ్చేది. కేసు భయంతో బడివాళ్లు అడ్డు చెప్పలేదు. అతను తుప్పు కడ్డీలు కోస్తుంటే, ఆమె గాజు పెంకులు ఏరేది.

"టీచరమ్మా, పారను గట్ల చెంచా లెక్క వట్టిండ్రేంది?"

"మా భీమవరంలో ఇలాగే పడతారు."

"అయితే మీ భీమవరంల గుంత తవ్వేసరికి వానకాలం అయిపోతది."

లిఖిత నవ్వింది. వెంటనే, ఆ నేల మీద నవ్వినందుకు ముఖం తిప్పుకుంది. అతను పార అందుకున్నాడు.

నాలుగు నెలలకు, నడుం లోతు కాంక్రీటులో కొత్త స్తంభాలు నిలబడ్డాయి. వీరేందర్ వేలాడి చూశాడు. కదల్లేదు.

"లిఖితా, నిన్నే చేసుకుంటనని అక్కకు చెప్పిన."

"ఏమన్నారు?"

"గా టీచర్నా అని ఏడ్చింది."

"నిజమేగా. ఆవిడ ముందు నేను నిలబడలేను."

"ఒక్కసారి రా. తిడితే పడు. నేను పక్కనుంట."

మర్నాడు సాయంత్రం వీరేందర్‌తో వెళ్లింది. అతని అక్క పద్మమ్మ కూర్చోమనలేదు. చాలాసేపు ముఖం కూడా చూడలేదు. మంచం మీది నుంచి దీపే అడిగింది:

"టీచర్, మామ కొత్త ఉయ్యాల వెట్టిండంట కదా. నేను ఊగొచ్చా?"

పద్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కూతుర్ని ఎత్తి లిఖిత చేతుల్లో పెట్టింది.

"నువ్వే పట్టుకోని ఊపాలె. చెయ్యి ఇడిసినవో, సూడు."

"విడవను వదినా."

ఆ పిలుపు నోరు జారి వచ్చింది. పద్మమ్మ కాదనలేదు.