ఆపరేషన్ చేతికర్ర

"సైన్స్ ఎగ్జిబిషన్‌లో పిల్లల ప్రాజెక్టు ఒకదాన్లో మన రాడార్ డ్రాయింగుల చిప్ ఉంది" అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఫస్ట్ ప్రైజ్ పేరుతో అది సాయంత్రం ఫ్లైటెక్కుతుంది. చిప్ కావాలి. మనం పట్టేశామని మాత్రం ముఠావాళ్లకి తెలియకూడదు. తెలిస్తే వాళ్లలో ఉన్న మన మనిషిని బతకనివ్వరు."

"యాక్సిడెంట్‌లా కనిపించాలి. అంతేగా?"

"అంతే."

ఏజెంట్ టెన్ ఫోన్ పెట్టేసి కళ్లజోడు సర్దుకున్నాడు. ఏడాదిగా అతను ఈ స్కూల్లో వర్క్‌షాప్ సారు. జేబులోని స్క్రూడ్రైవర్‌లో కెమెరా ఉంది గానీ, అది పిల్లలకు స్క్రూలు బిగించడం నేర్పడానికే ఎక్కువ పనికొచ్చింది.

హాల్లోకి జడ్జి వచ్చాడు. తెల్లసూటు విదేశీయుడు, ముఠా నాయకుడు. వెనకే అతని సెక్రటరీ, కళ్లు తిప్పుకోనివ్వని అందగత్తె. రెండు వైపులా జీతం తీసుకుంటుంది, ఒక వైపే నమ్మకంగా పనిచేస్తుంది. అదృష్టం కొద్దీ ఆ వైపు మనది.

"ఇక్కడ ఉక్కగా ఉంది మాస్టారూ" అందామె టెన్‌తో. అది కోడ్.

"వాన పడితే చల్లబడుతుంది."

"ఏ ప్రాజెక్టో నాక్కూడా చెప్పలేదు" అని గొణిగి ముందుకు సాగిపోయింది.

టెన్ బల్లల వెంట నడిచాడు. అట్టముక్కల వంతెన, నీళ్లతో లేచే క్రేన్, గాలిమర. చివర తొమ్మిదో క్లాసు పిల్ల. చూపు తగ్గిన నాయనమ్మ కోసం, ఏదైనా అడ్డమొస్తే కూతపెట్టే చేతికర్ర చేసింది.

"ఒకసారి చూడండి సార్" అంటూ కర్రకున్న పెట్టె మూత తీసింది.

ఆ పిల్లకు సోల్డరింగ్ నేర్పింది అతనే. ఎంత చెప్పినా సీసం ఎక్కువ పోసేది. "ఊడిపోతే నాయనమ్మ పడిపోతుంది కదా సార్" అనేది. పెట్టెలో ప్రతి అతుకూ బొబ్బలా లేచి ఉంది. బ్యాటరీ కొంచెం ఎత్తి చూశాడు. కింద ఒక నల్లటి చిప్, చుట్టూ నున్నటి అతుకులు. ఇన్ని బల్లలుండగా ఇదే కావాలా?

"ఫస్ట్ ప్రైజ్, చేతికర్ర!" అన్నాడు తెల్లసూటు మైకులో. చప్పట్ల మధ్య చెయ్యి చాచుకుంటూ వచ్చాడు.

అందిద్దామన్నట్టు టెన్ కర్ర ఎత్తాడు. కాలికి వైరు తగిలినట్టు తూలాడు. పెట్టె నేలకు కొట్టుకుంది. దాని మీద అతని బూటు పడింది. ముక్కలు ఏరుతున్నట్టు వంగి చిప్‌ను చొక్కా చేతిలోకి జార్చేశాడు. అది నుజ్జయిపోయిందనుకుని తెల్లసూటు పళ్లు నూరుకున్నాడు. సెక్రటరీ ప్రాణం నిలిచింది.

పిల్ల ఏడవలేదు. కింద కూర్చుని ముక్కలు ఒళ్లోకి ఏరుకుంది.

"నాయనమ్మని గేటు దగ్గర కూర్చోబెట్టి వచ్చాను సార్. కర్ర ఇచ్చి, తనంతట తనే లోపలికి నడుస్తుంటే చూద్దామని."

గొంతు దాకా వచ్చిన నిజాన్ని టెన్ మింగేశాడు.

"పర్లేదు సార్" అంటూ ఆ పిల్లే అతన్ని ఓదార్చింది. "మీరు కావాలని చేయలేదుగా. రేపు ఇద్దరం కూచుని మళ్లీ చేద్దాం."

కరెంటు షాకులిచ్చినా తడబడని నోరు తడబడింది.

"అలాగేనమ్మా" అన్నాడు.

పిల్ల నమ్మింది. ఆ సాయంత్రమే టెన్ వేరే ఊరికి, వేరే మీసంతో, ప్రమోషన్ మీద వెళ్లిపోయాడు.