దేవవ్వకు నిప్పు

బోధన్ బస్టాండ్ వెనక సందులో రిటైర్డ్ డాక్టర్ లక్ష్మీరాజాన్ని పట్టపగలే కాల్చేశారు. సైలెన్సర్ పిస్టల్. పక్కింట్లో బీడీలు చుడుతున్న ఆడవాళ్లకు చప్పుడే వినిపించలేదు. బీరువాలో నగలు అలాగే ఉన్నాయి. పోయింది ఒక్కటే. పాత మిషన్ ఆసుపత్రి మూతపడినప్పుడు ఆయన తెచ్చి దాచిన మైనపు ముక్క. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది.

"అందులో 1918 ఉంది," అన్నాడు చీఫ్, హైదరాబాదులో కర్టెన్లు దించిన గదిలో.

ఎదురుగా ఉన్న ఏజెంట్ రాజారాం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అతనిది జక్రాన్‌పల్లి. ఆ ఏడాది వచ్చిన జ్వరం గురించి చిన్నప్పుడు విన్నాడు.

"ఇన్‌ఫ్లుయెంజా. మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు. చాలామంది పడుచువాళ్లు. వైరస్‌ను తరమబోయి వాళ్ల ఒళ్లే వాళ్ల ఊపిరితిత్తుల్ని నీళ్లతో నింపేసిందని సైంటిస్టుల అనుమానం. ముఖాలు నీలంగా మారిపోయేవి. ఆ మైనంలో ఒక రోగి ఊపిరితిత్తి ముక్క ఉంది. వైరస్ ఎప్పుడో చచ్చింది. దాని జన్యువుల తునకలు మాత్రం మిగిలుంటాయి. వాటిని చదివి వరుసగా పేర్చగలిగితే, ఏదో ఒకనాటికి మళ్లీ పుట్టించొచ్చు. ఒక విదేశీ ముఠా ఆ పని మీదే ఉంది. లీడర్ కోడ్‌నేమ్ కొంగ."

"లోపల మనవాళ్లు?"

"ఒకమ్మాయి. వైరాలజిస్ట్. ఆమె తన మనిషని కొంగ అనుకుంటున్నాడు. మన మనిషని మనం అనుకుంటున్నాం."

మర్నాడు బీడీల తునికాకు సేటు గుమాస్తా వేషంలో రాజారాం నిజామాబాద్ స్టేషన్ ముందు నిలబడ్డాడు. నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, దారిన పోయేవాళ్లు తిరిగి చూసే అందం. ఒకామె దగ్గరకొచ్చి ఆగింది.

"ఈసారి చెరుకు తీపెంత?" కోడ్ మాట అన్నాడతను.

"తినేటోళ్ల నోరును బట్టి. నా పేరు ప్రమీల. ముక్క కొంగ దగ్గరనే ఉంది. రేపు నేను టెస్టు చేసి అసలుదో కాదో చెప్పాలె. అంతకుముందు నువ్వు మా అవ్వను సూడాలె అన్నా."

కోటగిరిలో ప్రమీల నాయనమ్మ ఈరవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. జ్వరం సంగతి అడిగితే చెప్పుకొచ్చింది.

"గప్పుడు నేను చిన్న పొల్లను. నన్ను కన్న అవ్వ దేవవ్వను బండ్ల ఏసుకొని దవాఖానకు తీస్కపోయిండ్రు. ఆడనే పానం పోయింది. మా బాపు కట్టెలకు తిరిగిండు. యాడ దొరుకుతయి? ఊరూరంత కాష్టాలే. ఆఖరికి వాగుల ఇడిసిపెట్టిండ్రట. నిప్పు సుత పెట్టలే బిడ్డా."

బయటకు వచ్చాక ప్రమీల కళ్లద్దాలు తీసింది. "ఆ మైనం మీద పేరు సూసిన. దేవవ్వ, కోటగిరి అని ఉంది."

మర్నాడు కొంగ చక్కెర నిపుణుడి వేషంలో, తెల్ల సూటులో, రుద్రూర్ దారిలో బెల్లం వండేచోటికి వచ్చాడు. పెద్ద పెనంలో చెరుకు రసం కుతకుతలాడుతోంది. పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తున్న కూలీల మధ్య తలపాగా చుట్టుకుని రాజారాం ఉన్నాడు. జేబులో ఒక్క గుండు పట్టే పెన్ పిస్టల్.

జీపు బానెట్ మీద చిన్న మైక్రోస్కోపులో ప్రమీల ఆ ముక్కను చాలాసేపు చూసింది.

"నకిలీ," అంది ఇంగ్లీషులో. "పారేయండి."

కొంగ నవ్వాడు. "పారేసే వస్తువును ఎవరైనా అంత గట్టిగా పట్టుకుంటారా, డాక్టర్?"

అతని చేతిలో సైలెన్సర్ చిన్నగా దగ్గింది. ప్రమీల కూలబడింది. కొంగ ఆమె పిడికిలి విప్పి ముక్క లాక్కున్నాడు. డ్రైవర్ అప్పటికే జీపు కదిలిస్తున్నాడు. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టాడు. రాజారాం పెన్ పేలింది. మోకాలు పగిలి కొంగ దుమ్ములో పడ్డాడు. కూలీలు అతని మీద పడి చేతులు విరిచి కట్టారు. రాజారాం ఇంకొక్క క్షణం ఆగి ఉంటే ఆ జీపు కొంగతో చెరుకు బండ్ల మధ్య నుంచి రాష్ట్రం సరిహద్దు దాటేది.

కొంగ చేతిలోంచి ముక్క తీసుకుని ప్రమీల పక్కన కూర్చున్న రాజారాం వాచీలో చీఫ్ గొంతు పలికింది. "శాంపిల్ చెడకుండా తీసుకురా. మనకూ కావాలి."

ప్రమీల ఆ మాట విన్నది. అతని చొక్కా పట్టుకుంది.

"మనోళ్లు సుత గదే పని జేస్తరన్నా. మా అవ్వ తల్లి అది. కాలవెట్టు."

ఇన్నేళ్ల సర్వీసులో రాజారాం ఒక్క ఆర్డరూ మీరలేదు. లేచి వెళ్లి, ముక్కను పొయ్యిలోకి వేశాడు. మైనం ఒక్కసారి భగ్గుమంది, అంతే. తిరిగొచ్చేసరికి ప్రమీల కళ్లు పొయ్యి వైపే తెరిచి ఉన్నాయి. చూసే పోయిందో, చూడకుండానే పోయిందో అతనికి తెలియలేదు.

సాయంత్రం కోటగిరిలో ఈరవ్వ ముందు చతికిలబడ్డాడు.

"అవ్వా, దవాఖానల మిగిలిపోయిన మీ అవ్వకు నిప్పు పెట్టిన."

ముసలామె అతని చెయ్యి తడిమి తన కళ్లకద్దుకుంది. "మంచి పని జేసినవు బిడ్డా. మరి మా పిల్లేది? నీతోని రాలే?"

ఎన్నో దేశాల్లో ఎన్నో అబద్ధాలు తడుముకోకుండా చెప్పిన మనిషి. ఆమె కాళ్ల దగ్గర తల వంచుకుని ఏడ్చాడు. ఈరవ్వకు చెప్పకుండానే అర్థమైంది. ఆమె చెయ్యి మాత్రం అతన్ని వదల్లేదు.

బోధన్ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"శాంపిల్ ఏదయ్యా?" చీఫ్ గొంతు మండుతోంది.

"తప్పించుకుంది సార్."

"మనుషుల్ని పంపిస్తాను. ఎటు పోయింది?"

"పైకి సార్," అన్నాడు రాజారాం.