తొమ్మిదో షెడ్డులో బోల్టులు వదులు చేసేదెవరు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా నా పెట్టుడు పళ్ళు ఊడి సూపులో పడుగాక. క్లైవ్ బారాక్లఫ్ నోటివెంట విన్నది విన్నట్టు చెబుతున్నాను. అక్కడక్కడ చలి మరీ ఎక్కువగానూ, చీకటి మరీ చిక్కగానూ అనిపిస్తే అది మా బాట్లీ ఊరి తప్పు గాని నాది కాదు.

మా వీధి వెనక రేకు తలుపుల కారు షెడ్లు పన్నెండు ఉన్నాయి చూడండి... వాటిలో తొమ్మిదోదానికి మంచి పేరు లేదు. పాల వ్యాను దాని ముందు ఆగదు. కుక్కలు ఎనిమిదో తలుపు దాకా అన్ని గోడలూ తడుపుకుంటూ వచ్చి, మళ్ళీ పదో తలుపు దగ్గరే కాలెత్తుతాయి.

కారణం వాల్టర్ మర్గట్రాయిడ్. బస్సు డిపోలో ఫిట్టరు. ఎక్కడైనా ఒక బోల్టు వదులుగా ఉందని తెలిస్తే ఆ రాత్రి అతనికి నిద్ర ఉండదు. పబ్బు బయట నిలిపిన పరాయి వాళ్ళ కార్లకు కూడా వంగి చక్రాల నట్లు చూసొచ్చేవాడు. డెబ్బై నాలుగులో, కరెంటు కోతల చలికాలంలో, కొవ్వొత్తి వెలుగులో కారు కింద దూరాడు. జాకీ జారింది. అంతే.

అప్పట్నుంచీ రాత్రిళ్ళు ఆ షెడ్డులోంచి ఒక చప్పుడు — కిర్ర్... కిర్ర్... టక్.

ఆ 'టక్' సంగతి చెప్పాలి. బోల్టులు బిగించే పానాల్లో ఒక రకం ఉంది. బోల్టు ఎంత బిగియాలో అంత బిగియగానే 'టక్' అంటుంది, ఇక చాలన్నట్టు. ఖాళీ షెడ్డులో ఆ చప్పుడు విని ఇద్దరు అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి పోయారు. అందులో ఒకాయన ఎక్కడా ఆగకుండా ఆస్ట్రేలియా దాకా వెళ్ళాడు.

ఎవరికీ అక్కర్లేదు కనుకనే తొమ్మిదోది క్లైవ్‌కి దొరికింది.

క్లైవ్ ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. షెడ్డులో పెట్టుకున్నది ఎర్ర 205 జీటీఐ, ఎనభై తొమ్మిదో సంవత్సరం బండి. చూడ్డానికి బుడ్డది, పరుగు మొదలెడితే మాత్రం పక్కన కూర్చున్నవాడి టోపీ వెనకసీట్లో ఉంటుంది. అది క్లైవ్‌ది కాదు. అతని భార్య గ్లెనిస్‌ది. దుప్పట్ల మిల్లులో సంపాదించి, పెళ్ళికి ముందే కొనుక్కుంది. హోమ్ మాస్ కొండదారిలో ఆవిడ ఆ కారుతో మలుపు తిరిగితే గొర్రెలు దణ్ణం పెట్టేవి. తర్వాత సంసారం, పిల్లలు, తుప్పు... పాతికేళ్ళు ఒక మూల పడి ఉంది.

ఇప్పుడు గ్లెనిస్ కళ్ళు పోతున్నాయి. చూపు మధ్యలో నల్ల మచ్చ, నెలనెలా పెరుగుతోంది. మార్చి మూడున కళ్ళ డాక్టరు మళ్ళీ చూస్తానన్నాడు. ఆ రోజు తర్వాత లైసెన్సు తిరిగిచ్చేయాల్సిందేనని ముందే చెప్పాడు.

"మార్చి మూడు లోపల నీ కారు నీ చేతికిస్తాను. ఒక్కసారి కొండెక్కించు" అన్నాడు క్లైవ్.

"నువ్వా? బల్బు మార్చడానికి పుస్తకం చదివే మనిషివి" అంది గ్లెనిస్. కానీ ఆ రాత్రి తన పాత డ్రైవింగు చేతొడుగులు వెతికి దిండు కింద పెట్టుకుంది.

క్లైవ్‌కి తోడు నెవిల్ సగ్డెన్. బడి నుంచీ స్నేహితుడు. భార్య పోయి ఐదేళ్ళు. వెల్డింగులో చెయ్యి తిరిగినవాడు. కారు అడుగు జల్లెడలా ఉంటే కొత్త రేకు వేసి అతికింది అతనే. ప్రతి మంగళవారం, గురువారం సాయంత్రం టంచనుగా వచ్చేవాడు. పాత ఇంజను దించి పదహారు వాల్వుల పెద్దింజను ఎక్కించారు. నాలుగు చక్రాలకీ పెద్ద డిస్కు బ్రేకులు వేశారు. నవంబరు మొదట్లో క్లైవ్ చేతులు తుడుచుకుని, "ఇంక మూడు వారాల పని నెవిల్" అన్నాడు.

ఆ వారమే మొదలైంది.

పొద్దున వెళ్ళి చూస్తే ముందు బ్రేకు బోల్టు వదులుగా ఉంది. ముందు రోజు టక్ అనేదాకా తానే బిగించాడు. మళ్ళీ బిగించాడు. వారం తిరక్కుండా పెట్రోలు గొట్టం జాయింటు వదులు.

ఒకటి వదులైందంటే ఇంకెన్ని అయ్యాయో... చూపు తగ్గుతున్న భార్య చేతికి అలాంటి కారు ఎలా ఇస్తాడు? ఉన్నవన్నీ ఊడదీసి మళ్ళీ మొదట్నుంచి. బండి రోడ్డెక్కాలంటే చేయించాల్సిన తనిఖీ తేదీ ఒకసారి వాయిదా. రెండోసారి వాయిదా.

"నువ్వే బిగించడం మర్చిపోయుంటావు క్లైవ్" అన్నాడు నెవిల్, మెల్లగా. "ఏమనుకోకు... మా నాన్నక్కూడా ఇలాగే మొదలైంది."

క్లైవ్ మర్నాడే, ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికెళ్ళాడు. మతి సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి, గడియారం బొమ్మ గీసి పదకొండుంపావు చూపించమన్నాడు డాక్టరు. చెమటలు పట్టి, నాలుక కరుచుకుని, చిన్నపిల్లాడిలా గీశాడు. సరిగ్గానే వచ్చింది.

అయినా తనమీద తనకు నమ్మకం లేదు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. బోల్టు బిగించాక దాని తల మీదుగా కింద ఇనుము దాకా తెల్ల రంగుతో ఒక గీత. బోల్టు కదిలిందా, గీత విరుగుతుంది. మతిమరుపుకి గీతల్ని విరిచే శక్తి లేదు కదా.

వారం తర్వాత కుడి ముందు చక్రం దగ్గర గీత విరిగి ఉంది.

"చూడు! నేను మర్చిపోలేదు" అన్నాడు క్లైవ్. ఏడుపు, సంతోషం ఒకేసారి వచ్చాయట.

నెవిల్ వంగి ఆ గీతని వేలితో తడిమాడు. తర్వాత గొంతు తగ్గించి... "అయితే వాల్టరే" అన్నాడు. "తన షెడ్డులో ఇంకొకడు పని పూర్తిచెయ్యడం ఇష్టం లేదేమో."

మార్చి మూడు వచ్చింది. కారు ఇంకా నాలుగు స్టాండ్ల మీదే ఉంది. గ్లెనిస్ ఆసుపత్రి నుంచి వచ్చి, లైసెన్సు కవరులో పెట్టి, అంచు నాలుకతో తడిపి అంటించింది.

"పోన్లే. నా కారు నీ చేతిలో ముసలమ్మలా నడుస్తుందన్న బెంగ తప్ప ఇంకేం లేదు" అంది.

ఆవిడ ఏడ్చి ఉంటే బావుండేదని క్లైవ్ ఇప్పటికీ అంటాడు.

ఆ తర్వాతి మంగళవారం నెవిల్ తొమ్మిదింటికి ఇంటికెళ్ళాక, పదింటికి క్లైవ్ ఒక్కడే షెడ్డుకి బయల్దేరాడు. వాన ఎంత గట్టిదంటే వీధి దీపాలు మునిగిపోయాయి. భయం లేదా అంటే... లేదట. మనిషి లోపలంతా కోపమే ఉంటే భయానికి చోటెక్కడిది? దెయ్యాన్ని నిలదీయడానికే వెళ్ళాడు. నీకు నేనేం చేశాను? ఆవిడేం చేసింది? అని అడగడానికి.

లోపల్నుంచి తాళం వేసుకున్నాడు. కారు మీది గుడ్డ ఎత్తి, వెనక తలుపులోంచి దూరి, సీటులో ముడుచుకున్నాడు. చీకటి. తారు వాసన. రేకు మీద వాన.

పదకొండు...

ఎక్కడో దగ్గర్లో ఒకసారి — టక్.

ఊపిరి బిగబట్టాడు. మళ్ళీ లేదు. చలికి పైకప్పు రేకు ముడుచుకుందిలే అనుకున్నాడు.

పన్నెండు కావస్తుండగా తలుపు దగ్గర అలికిడి. తాళంలో చెవి తిరిగింది.

దెయ్యానికి తాళంచెవి ఎందుకు?

ఆ మాట తట్టగానే క్లైవ్ జేబు తడుముకున్నాడు. షెడ్డుకి ఉన్నవి రెండే చెవులు. ఒకటి తన జేబులో ఉంది. రెండోది...

తలుపు ఎత్తి మళ్ళీ మెల్లగా దించారు. సన్నటి టార్చి వెలుగు. మోకాళ్ళ నొప్పికి ఎవరో "అబ్బా" అని గొణిగి ముందు చక్రం దగ్గర కూర్చున్నారు. కోటు లోపల్నుంచి ఇనుము తీసిన చప్పుడు.

కిర్ర్... కిర్ర్...

క్లైవ్ గుడ్డ కిందనుంచే, గుసగుసగా అన్నాడు —

"ఎడంవైపుకి తిప్పుతున్నావు నెవిల్."

పానా నేలమీద పడింది. టార్చి దొర్లింది. ఆ వెలుగులో నెవిల్ మొహం సున్నం కొట్టినట్టుంది. లేవలేదు, పారిపోలేదు. అలాగే నేలమీద కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచి?"

"...నవంబరులో ఊరంతా బాణసంచా కాల్చిన రాత్రి నుంచి."

"ఎందుకు?"

"మూడు వారాల్లో అయిపోతుందన్నావు నువ్వు."

"అయిపోతే?"

"అయిపోతే మీరిద్దరూ కారేసుకుని వెళ్ళిపోతారు. నేను మంగళవారం ఎక్కడికి రావాలి? గురువారం ఎక్కడికి రావాలి? ఇంట్లో టీవీ నాతో మాట్లాడుతుంది గాని నేను చెప్పేది వినదు. ఇంకొక్క వారం అనుకున్నాను క్లైవ్. ప్రతిసారీ... ఒక్క వారమే అనుకున్నాను."

"మార్చి మూడు అని నీకు తెలుసు."

"తెలుసు."

"నాకు మతి పోతోందన్నావు. నేను పోయి గడియారం బొమ్మ గీసొచ్చాను."

నెవిల్ తల వంచుకున్నాడు. "బొమ్మ... బాగానే వచ్చింది కదా?" అన్నాడు.

ఈ మాట దగ్గరికి వచ్చేసరికి క్లైవ్ ప్రతిసారీ ఆగిపోతాడు. తిట్టాలనుకుంటే తిట్టు దొరకలేదట. యాభై ఏళ్ళ స్నేహానికి సరిపోయే తిట్టు ఏ భాషలో ఉంది గనక.

కారు దిగి చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇచ్చెయ్."

నెవిల్ ఇచ్చాడు. ఇచ్చి, తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఒక్కటి చెప్పు. నీకు తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"ఏం తెలిసి?"

"నువ్వు ఈ చలికాలంలో వదులుగా ఉన్నాయన్నది మూడు. నేను వదులు చేసినవి నలభై పైన ఉంటాయి. వెనక ఇరుసు, స్టీరింగు, ఇంజను కింద... తర్వాత వచ్చి చూసేసరికి అన్నీ బిగించి ఉండేవి. నువ్వు ఒక్క మాట అనేవాడివి కాదు. నా ఒంటరితనం చూసి సద్దుకుపోతున్నావనుకున్నాను. అందుకే వస్తూ పోయాను."

"వదులుగా దొరికి నేను బిగించింది ఆ మూడే నెవిల్."

నెవిల్ తలుపు వదిలి వెనక్కి వచ్చాడు.

"ఇవాళ సాయంత్రం" అన్నాడు నెవిల్, "నువ్వు చేతులు కడుక్కుంటున్నప్పుడు... వెనక ఇరుసుది ఒకటి తిప్పాను. ఎడం పక్కది. చేత్తో తిరిగేంత వదులు."

ఇద్దరూ టార్చి పట్టుకుని వెనక్కి వెళ్ళారు. క్లైవ్ పడుకుని కిందకి దూరాడు. వేళ్ళతో బోల్టు పట్టుకున్నాడు.

రాయిలా ఉంది.

తెల్లగీత మళ్ళీ కలిసే ఉంది. దాని పక్కనే ఇంకో గీత. వెంట్రుకంత సన్నం, దారం పట్టి గీసినంత తిన్నగా. పసుపు రంగు.

ఆ షెడ్డులో పసుపు రంగు డబ్బానే లేదు.

వేలు పెట్టి చూశాడు. వేలికి అంటుకుంది. ఇంకా తడిగా ఉంది.

పదింటి నుంచీ తను ఆ కారులోనే కూర్చుని ఉన్నాడు...

నెవిల్ ఎలా వెళ్ళాడో క్లైవ్ చూడలేదు. నేను మా కిటికీలోంచి చూశాను. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలు అసలు నేలకి తగల్లేదు.

క్లైవ్ మాత్రం కదల్లేదు. కారు కింద పడుకునే, ఆ చీకటికి చెప్పాడట: "నిన్ను తిట్టడానికొచ్చాను వాల్టర్. తప్పయిపోయింది."

కుడి పక్కనుంచి మెల్లగా... కిర్ర్... కిర్ర్... టక్.

పది రోజుల్లో కారు తనిఖీకి వెళ్ళింది. నలభై ఏళ్ళ సర్వీసులో ఇంత పొందిగ్గా బిగించిన బండిని చూడలేదని తనిఖీ చేసినాయన టోపీ తీశాడు. ఆదివారం క్లైవ్ నడిపాడు, గ్లెనిస్ పక్కన కూర్చుంది. హోమ్ మాస్ ఎక్కుతుంటే కళ్ళు మూసుకుని ఇంజను విని, "మూడో గేరు" అంది. "ఇప్పుడు కాదు... ఇప్పుడు" అంది. పైకెళ్ళి ఆపాక చెయ్యి చాపి స్టీరింగు చుట్టూ ఒకసారి తడిమింది.

"నెవిల్ రాలేదేం?" అని అడిగింది.

క్లైవ్ అంతా చెప్పాడు, ఒక్క బోల్టు కూడా దాచకుండా.

"మన పెళ్ళిలో నీకు తోడుగా, ఉంగరం జేబులో పెట్టుకుని నిలబడింది వాడే" అంది గ్లెనిస్. నెవిల్ ఇప్పుడు రొట్టెల కొట్టుకి కూడా చుట్టు తిరిగి పై వీధిలోంచే వెళ్తాడు. పాపం అనాలనిపిస్తుంది నాకు. అనను.

ఆ షెడ్ల వరసలో నమ్మదగినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడికీ ఊపిరి లేదు.

సరే, ఇదిగో, తలుపు దగ్గర కూర్చున్నది నువ్వే కదా, నిన్నే... ఈ టీ పట్టుకుపో. చక్కెర రెండు చెంచాలు వేశాను. తొమ్మిదో షెడ్డు గడప మీద పెట్టి ఒకసారి తలుపు తట్టు, చాలు, నిలబడకు. వచ్చేటప్పుడు నిన్నటి కప్పు తీసుకురా. ఎలా కడగాలా అని ఆలోచించకు... కడిగే ఉంటుంది.