సముద్రంలో ఏడు టోపీలు

“నువ్వు ఓడ దిగొద్దు, ఎవాంథియా,” అన్నాడు చీఫ్ స్ట్రాటిస్. ఏథెన్స్ నుంచి మాట్లాడుతున్న అతని గొంతు, వినికిడి యంత్రంలా కనిపించే రేడియోలోంచి ఆమె కుడి చెవిలో పడుతోంది.

మిషన్ నాలుగు ముక్కల్లో చెప్పాడు. విదేశాల్లో రహస్యంగా పనిచేస్తున్న పదకొండుమంది గ్రీకు ఏజెంట్ల పేర్లు ఆలివ్ గింజంత క్యాప్సూల్‌లో ఈ క్రూజ్ ఓడ ఎక్కాయి. తీసుకుపోతున్న మనిషి కోడ్ పేరు సముద్రకాకి. ఎవరో ఎవరికీ తెలియదు. ఈ రోజు ఓడ దీవిలో ఆగినప్పుడు, కొక్కినో బీచ్ దగ్గర ఆ క్యాప్సూల్ శత్రువుల పడవకి చేరుతుంది. చేరిందంటే ఆ పదకొండుమందీ వారం తిరక్కుండా శవాలవుతారు. ఓడవాళ్ళ టూరు బస్సులో పడుచు ఏజెంటు డాఫ్నీ వెళ్ళి సముద్రకాకిని పట్టుకుంటుంది. ఎవాంథియా కేబిన్‌లో కూర్చుని రేడియో వింటే చాలు.

“ఇసకలో నడవడం నీ మోకాళ్ళకి పడదు,” అని కూడా అన్నాడు.

ఆ పదకొండుమందినీ ఎవాంథియాయే ఏరి, పని నేర్పి, పంపింది. వాళ్ళ పిల్లల పేర్లు కూడా ఆమెకి తెలుసు. యాభై మూడేళ్ళొచ్చాయని తనని కుర్చీలో కూర్చోబెడితే కూర్చునే మనిషి కాదు.

“నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. మీరు మీ నడుం సంగతి చూసుకోండి,” అని, నూలు గౌను తొడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని ఓడ దిగింది. సొంతంగా వెళ్ళేవాళ్ళు నాలుగింటికి రాకపోతే ఓడ ఆగదని మెట్ల దగ్గర ఆఫీసరు హెచ్చరించాడు. ఆగమని తను అడగలేదుగా అంది.

రేవులో ఊరి బస్సు కోసం ఏడుగురు ముసలమ్మలు సంచులతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో మరిగో అనే ఆమె బస్సెక్కగానే ఎవాంథియాని ఎవరి అమ్మాయివని అడిగింది. లెస్వోస్‌లో ఒక మంగలి కూతురినని చెప్పేలోపే, అన్నం కూరిన టమాటాలు రెండు చేతిలో పెట్టింది. వద్దంటే ఊరుకునే మనిషిలా లేదు. తినక తప్పలేదు.

కొక్కినో బీచ్ ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక హోటలువాళ్ళ కుర్చీలే. ఇది అతిథులకి మాత్రమే అంటూ నల్లకళ్ళద్దాల మేనేజరు అడ్డం వచ్చాడు.

“ఈ సముద్రం మీ నాన్న తవ్వించాడా?” అంది మరిగో.

అతను పక్కకి తప్పుకున్నాడు. మొదటి వరస కుర్చీల ముందే ఏడు తువ్వాళ్ళు పరుచుకున్నాయి. పక్కనే ఎవాంథియాది ఎనిమిదోది. తర్వాత ఏడుగురూ గడ్డి టోపీలు పెట్టుకుని, కబుర్లాడుతూ నీళ్ళలోకి దిగి, లోతున గుండ్రంగా చేరి తేలుతూ ఉండిపోయారు. ఎవాంథియాని మాత్రం రానివ్వలేదు. తిన్న మూడు గంటలదాకా నీళ్ళ జోలికి పోకూడదు. గ్రీసులో ఈ మాట వినకుండా పెరిగిన పిల్ల ఉండదు.

ఒంటిగంటకి, ఎర్ర ఈత దుస్తుల్లో, జుట్టుకి బంగారు క్లిప్పుతో మెరిసిపోతున్న డాఫ్నీ ఒడ్డున హోటల్లో పళ్ళెం నిండా వేపిన చేపలు తినడం ముగించింది. సముద్రకాకి ఇంకా రాలేదని రేడియోలో చెప్పింది. మూతి తుడుచుకుని తిన్నగా నీళ్ళలోకి నడిచింది.

“అమ్మాయ్, ఇప్పుడేగా తిన్నావు,” అని అరిచింది మరిగో.

డాఫ్నీ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, నవ్వి, మునిగింది.

ఎవాంథియా లేచి కూర్చుంది. ఆ నియమం అందరూ తప్పేదే. కానీ తప్పేవాళ్ళు నడుందాకానే దిగుతాననో, రొట్టెముక్కే తిన్నాననో ఒక అబద్ధమైనా ఆడతారు. తల్లిదండ్రులు పోతే డాఫ్నీని పద్దెనిమిదేళ్ళదాకా అమ్మమ్మే పెంచిందని ఆమె ఫైల్లో ఉంది. ఆ నవ్వులో మాత్రం ఏ అమ్మమ్మా లేదు. అంటే ఫైలంతా కట్టుకథ.

కొండ చాటునుంచి తెల్ల మోటారు పడవ వచ్చింది. డాఫ్నీ దానివైపే ఈదుతోంది.

“డాఫ్నీయే సముద్రకాకి,” అంది ఎవాంథియా రేడియోలో.

చీఫ్ నమ్మలేదు. వెంటనే ఓడకి వెళ్ళమన్నాడు. ఆమె యంత్రాన్ని చెవిలోంచి పీకి సంచిలో పడేసింది. ఇంత దూరం తను ఈది అందుకోవడం కుదరదు. గొంతెత్తింది.

“పిన్నీ, ఆ పిల్ల కడుపునిండా తిని లోతుకి పోతోంది. తల్లి లేని పిల్ల.”

ఆ ఒక్క మాట చాలింది. ఏడు టోపీలూ ఒకేసారి తిరిగాయి. ఆ సముద్రంలోనే పుట్టి పెరిగిన ఆడవాళ్ళు మూడు వైపుల నుంచి చుట్టుముట్టారు. పడవలోంచి ఒకడు వంగి చెయ్యి చాచాడు. అతని వేళ్ళు క్లిప్పుకి జానెడు దూరంలో ఉండగా మధ్యలోకి ఒక టోపీ దూరింది. మరిగో డాఫ్నీ గడ్డం కింద చెయ్యి వేసి వెనక్కి లాగింది. తనకేమీ కాలేదని డాఫ్నీ గింజుకుంది. మునిగిపోయేవాళ్ళంతా అదే అంటారని వాళ్ళు పట్టించుకోలేదు. మనుషులు స్నానం చేసే చోట పడవ నడపడానికి సిగ్గులేదా అని పడవవాణ్ణి అతని అమ్మ పెంపకం దాకా తిట్టిపోశారు. ఒడ్డున జనం లేచి ఫోన్లతో ఫొటోలు తీయడం చూసి వాడు పడవ తిప్పుకుని పారిపోయాడు.

ఒడ్డున నలుగురు డాఫ్నీ కాళ్ళు రుద్దుతుంటే ఎవాంథియా తల తుడిచింది. క్లిప్పు చేతిలోకి వచ్చింది. విప్పితే లోపల ఆలివ్ గింజంత క్యాప్సూల్.

“ఎలా కనిపెట్టావు?” అంది డాఫ్నీ గొణుగుతున్నట్టు.

“నీకు ఫైలు రాసినవాళ్ళు అమ్మమ్మని రాశారు. ఆవిడ ఏం చెప్పి పెంచుతుందో రాయడం మర్చిపోయారు.”

ఎవాంథియా పిలిపించిన రేవు పోలీసులు వచ్చి డాఫ్నీని తీసుకెళ్ళేసరికి నాలుగైంది. ఎవాంథియా పెట్టెతో సహా ఓడ కూత వేసి వెళ్ళిపోయింది. ఆమె యంత్రాన్ని మళ్ళీ చెవిలో పెట్టుకుంది. పదకొండుమందీ క్షేమమేనా అని చీఫ్ రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, ఆజ్ఞ లేకుండా ఓడ దిగినందుకు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలన్నాడు.

“ఎండ బాగుంది, బీచ్‌కి వెళ్ళాను అని రాసుకోండి,” అంది ఎవాంథియా. “మన ఆఫీసు ఫైళ్ళలో ఒక్క నిజమైనా ఉంటుంది.”